అంటువ్యాధి కాలంలో నర్సుల మానసిక ఆరోగ్యం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కోవిడ్-19 కాలంలో నర్సులు అనుభవించిన మానసిక వ్యథను సాధారణంగా వ్యక్తిగత ధైర్యానికో, బలహీనతకో సంబంధించిన విషయంగా చూడడం జరిగింది. ఆ వ్యథకు మూలం పని పరిస్థితుల్లో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మూడు పట్టణాల వైద్యసేవల స్వరూపాన్ని నేపథ్యంగా తీసుకొని, చైనా, కెనడా దేశాలలో వెలువడిన పరిశోధనల వెలుగులో ఈ ప్రతిపాదనను వివరిస్తుంది. వ్యథను చెప్పుకోవడంలో తెలుగు నుడికారం పోషించే పాత్రను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: నర్సులు, కోవిడ్-19, నైతిక వ్యథ, బర్నౌట్, అంటు, చిత్తూరు జిల్లా.

1. ఉపోద్ఘాతం:

ఫ్లోరెన్స్ నైటింగేల్ ద్విశత జయంతి సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సులు, మంత్రసానుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే కోవిడ్-19 ప్రపంచాన్ని చుట్టుముట్టింది. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ఈ వ్యాధితో మరణించిన ఆరోగ్య సిబ్బంది సంఖ్య 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మధ్య ఉండవచ్చునని అదే సంస్థ తరువాత అంచనా వేసింది. మన దేశంలో 2020 మార్చి 22న ప్రజలు చప్పట్లు చరిచారు. మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రులపై పూలు చల్లాయి. నర్సులు 'యోధులు', 'దేవతలు' అయ్యారు.

ఈ గౌరవం అబద్ధం కాదు. అయితే దానికి ఒక పర్యవసానం ఉంది. యోధునికి భయం ఉండకూడదు, దేవతకు అలసట ఉండకూడదు. ఆ పేర్లు పొందిన మనిషి 'నాకు నిద్ర పట్టడం లేదు' అని చెప్పుకోవడం మరింత కష్టమవుతుంది. నైటింగేల్ జీవితమే ఇందుకు ఒక నిదర్శనం. క్రిమియా యుద్ధభూమిలో దీపం పట్టుకొని తిరిగిన చిత్రం అందరికీ తెలుసు. 1856లో ఇంగ్లండుకు తిరిగివచ్చిన తరువాత ఆమె దీర్ఘకాలం అనారోగ్యంతోనూ, నిరాశతోనూ చాలావరకు గదికే పరిమితమై పనిచేసిందన్న సంగతి మాత్రం నర్సింగ్ కళాశాలల వార్షికోత్సవ ప్రసంగాలలో అరుదుగా వినిపిస్తుంది.

2. పరిశీలనకు తీసుకున్న ప్రాంతం:

మదనపల్లె, పుంగనూరు, కుప్పం 2020-21 నాటికి చిత్తూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. అంటువ్యాధుల చికిత్సకు సంబంధించి మదనపల్లెకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. పట్టణానికి సమీపంలోని ఆరోగ్యవరంలో యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని తొలి వైద్యాధిపతి. క్షయకు మందు లేని రోజులవి. గాలి, వెలుతురు, పోషకాహారం, విశ్రాంతి, ఎడతెగని పరిచర్య - ఇవే చికిత్స. అంటే చికిత్సలో అధికభాగం నర్సు చేతిలోనే ఉండేది. రోగి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. నర్సుకూ రోగికీ మధ్య పరిచయం పెరగడానికి వ్యవధి ఉండేది. కోవిడ్ వార్డులో లేనిది ఆ వ్యవధే.

కుప్పం పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసేచోట ఉన్న పట్టణమది. ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రితో పాటు 2000ల ఆరంభం నుంచి పి.ఇ.ఎస్. వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి అక్కడ ఉన్నాయి. ఒకే వార్డులో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే రోగులు కనిపించడం అక్కడ మామూలే. పుంగనూరు మదనపల్లెకు దక్షిణాన, సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని చిన్న పట్టణం. పొట్టి ఆవుల జాతి వల్ల దేశమంతటా పేరు తెలిసిన ఊరైనా, వైద్యం విషయంలో పొరుగు పట్టణాలపై ఆధారపడినది.

ఈ మూడింటికీ ఉమ్మడి లక్షణం దూరం. రోగి పరిస్థితి విషమిస్తే చూడవలసిన దిక్కు తిరుపతి, లేదా వేలూరు, లేదా బెంగళూరు. మదనపల్లె నుంచి తిరుపతికి వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం, మధ్యలో కనుమ దారులు. కుప్పం నుంచి తిరుపతి ఇంకా దూరం. బెంగళూరు కొంత దగ్గరే అయినా, మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. నర్సుల మానసిక స్థితిని గురించిన చర్చలో రహదారి దూరాలకు ఏం పని అనిపించవచ్చు. వ్యాసం మూడవ భాగంలో ఈ దూరానికే ప్రాధాన్యం.

3. వ్యథకు మూలాలు:

నర్సింగ్ వృత్తిలోని ఒక ప్రత్యేక బాధకు ఆండ్రూ జేమ్‌టన్ 1984లో పేరు పెట్టాడు. చేయవలసిన సరైన పని ఏమిటో తెలిసి కూడా, సంస్థాగత పరిమితుల వల్ల ఆ పని చేయలేకపోయినప్పుడు కలిగే బాధను ఆయన 'నైతిక వ్యథ' అన్నాడు. ఇది భయం కాదు, దుఃఖం కూడా కాదు. చేతులు కట్టేసినట్లుండే స్థితి. వియత్నాం యుద్ధ సైనికులకు చికిత్స చేసిన మనోవైద్యుడు జొనాథన్ షే ప్రచారంలోకి తెచ్చిన 'నైతిక గాయం' అనే భావన దీనికి దగ్గరిది. కోవిడ్ తొలినాళ్లలోనే, 2020 మార్చిలో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నీల్ గ్రీన్‌బర్గ్, ఆయన సహరచయితలు ఈ భావనను ఆరోగ్య సిబ్బందికి అన్వయించి హెచ్చరించారు.

జిల్లా అంచున ఉన్న పట్టణంలో ఈ వ్యథ ఎలా రూపుదిద్దుకుంటుందో చూడాలి. రోగి ఆక్సిజన్ స్థాయి పడిపోతున్నదని పల్స్ ఆక్సీమీటర్‌లో ముందుగా చూసేది నర్సు. పెద్దాసుపత్రికి పంపాలని నిర్ణయించేది వైద్యుడు. అంబులెన్స్ రావాలి, అక్కడ పడక ఖాళీ ఉండాలి, దారిలో సిలిండర్ సరిపోవాలి. ఈ మూడూ కుదిరేవరకు రోగి పక్కన నిలబడేది మళ్లీ నర్సే. అంతసేపూ 'ఇంకా ఎంతసేపమ్మా' అనే ప్రశ్న ఆమెనే అడుగుతారు. సమాధానం ఆమె అధీనంలో లేదు. నగరంలో వార్డు నుంచి ఐ.సి.యు.కు దూరం ఒక అంతస్తు. ఇక్కడ అది ఒక కనుమ. నైతిక వ్యథ అనే శాస్త్రీయ పదానికి ఈ ప్రాంతంలో భౌగోళికమైన కొలత కూడా ఉంది.

దూరం దాటి చేరుకున్నంత మాత్రాన సమస్య తీరలేదు. రెండవ ఉద్ధృతిలో, 2021 మేలో, రాష్ట్రంలో రోజువారీ కేసులు 20 వేలు దాటాయి. చిత్తూరు జిల్లా అత్యధికంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. ఆ నెల 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, పీడనం తగ్గి, అధికారిక లెక్క ప్రకారం 11 మంది మరణించారు. ఆవేశానికి లోనైన కొందరు బంధువులు ఐ.సి.యు.లోకి వచ్చి పరికరాలను ధ్వంసం చేశారని, ప్రాణభయంతో సిబ్బంది బయటకు పరుగుతీశారని పత్రికలు రాశాయి. ఆక్సిజన్ రవాణా నర్సు బాధ్యత కాదు. కానీ కోపం వచ్చినవారి ఎదుట ఉన్నది ఆమెనే. ఆరోగ్య సిబ్బందిపై దాడులను శిక్షార్హం చేస్తూ 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లోనే సవరించారు. సాధారణ దాడికి 3 నెలల నుంచి 5 సంవత్సరాల వరకు, తీవ్రగాయమైతే 6 నెలల నుంచి 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించే వీలు కల్పించారు. చట్టం దాడి జరిగాక పనికివస్తుంది. రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు కలిగే గుబులును అది తగ్గించదు.

మరణం ఆసుపత్రి ఉద్యోగంలో కొత్త కాదు. కోవిడ్ మరణం కొత్తది. బంధువులు పక్కన లేకుండా, ముఖం కనిపించని కిట్టు వెనుక నుంచి ఒక అపరిచిత స్త్రీ చెప్పే మాట చివరి మాట అయ్యే స్థితి అంతకు ముందు లేదు. కొడుకుకో కూతురుకో వీడియో కాల్ చేసి ఫోను రోగి ముఖం ముందు పట్టుకోవడం ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని పని. మన సమాజంలో చావు చుట్టూ మనుషులు చేరతారు, ఏడుస్తారు, నోట్లో తులసి తీర్థం పోస్తారు. ఆ సమూహం చేసే పని మొత్తం ఒక నర్సు మీద పడింది. ఆమె ఏడవడానికి వీలు లేదు. కళ్లద్దాల లోపల ఆవిరి పడితే మందు ఎక్కించే నరం కనిపించదు. సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హోక్షీల్డ్ 1983లో ప్రతిపాదించిన 'ఉద్వేగ శ్రమ' భావన, అంటే ఉద్యోగం కోసం తన భావాలను అణచుకోవడమో, లేని భావాన్ని ప్రదర్శించడమో, ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఆమె అధ్యయనం చేసింది విమానాల్లో పనిచేసే సిబ్బందిని. ప్రయాణికునికి చూపవలసిన చిరునవ్వుకూ, ఆఖరి శ్వాసలో ఉన్నవారికి వినిపించవలసిన నిబ్బరానికీ మధ్య అంతరం చాలా పెద్దది.

పి.పి.ఇ. కిట్టు ధరించిన గంటలలో నీళ్లు తాగలేరు, మూత్రవిసర్జనకు వెళ్లలేరు. బహిష్టు రోజుల్లో ఆ ఇబ్బంది రెట్టింపు. ఇది శారీరక సమస్యగానే నమోదవుతుంది. దాహాన్ని ముందే అణచుకోవడానికి డ్యూటీకి కొన్ని గంటల ముందు నుంచే నీళ్లు మానేయడం మనసుపై చూపే ప్రభావం ఏ పట్టికలోనూ కనిపించదు.

4. అంటు:

తెలుగులో 'అంటువ్యాధి' అనే మాటలోని 'అంటు' వైద్యపదం కావడానికి ముందు సామాజికపదం. అంటుముట్టు, మైల అనే మాటలతో దానికి చుట్టరికం ఉంది. సూక్ష్మజీవి సంక్రమణకూ, కులం పేరిట పాటించిన దూరానికీ ఒకే ధాతువు నుంచి మాటలు రావడం గమనించదగినది. దక్షిణభారతంలో నర్సింగ్ వృత్తికి తొలి తరాలను అందించినవి మిషన్ ఆసుపత్రులు. ఆ తరాలలో క్రైస్తవ కుటుంబాల స్త్రీలు, వారిలోనూ దళిత నేపథ్యం ఉన్నవారు గణనీయంగా ఉన్నారు. ఇతరుల శరీరాన్ని, రక్తాన్ని, మలమూత్రాలను తాకే పని కనుక ఈ వృత్తికి సమాజం చాలాకాలం గౌరవం ఇవ్వలేదు. కోవిడ్ ఆ పాత దూరానికి కొత్త వైద్య కారణాన్ని సమకూర్చింది. ఇల్లు ఖాళీ చేయమనడం, పాలు పోసేవారు గుమ్మం దాకా రాకపోవడం వంటి అనుభవాలు దేశవ్యాప్తంగా నమోదయ్యాయి. 2020 మేలో కోల్‌కతా ప్రైవేటు ఆసుపత్రుల నుంచి మణిపూర్‌కు చెందిన 185 మంది నర్సులు ఉద్యోగాలు వదిలి సొంత రాష్ట్రానికి వెళ్లిపోయారు. వివక్ష కూడా అందుకు ఒక కారణమని వారు చెప్పారు. చిన్న పట్టణంలో ఇటువంటి దూరం మరింత పదునుగా ఉంటుంది. ఎవరు ఏ ఆసుపత్రిలో పనిచేస్తారో వీధి మొత్తానికి తెలుసు.

ఇంటి లోపలి భయం ఇంకొక రకం. 2018లో కేరళలో నిపా వైరస్ సోకిన రోగికి పరిచర్య చేసిన లిని పుతుస్సేరి, కోళికోడ్ జిల్లా పెరాంబ్రా తాలూకా ఆసుపత్రి నర్సు, మే 21న అదే వ్యాధితో మరణించింది. మరణానికి ముందు భర్తకు రాసిన లేఖలో పిల్లల బాధ్యతను అతనికి అప్పగించింది. ఆ లేఖను దేశమంతా త్యాగానికి గుర్తుగా చదివింది. ఒక తాలూకా ఆసుపత్రి నర్సుకు తనవల్ల ఇంట్లోవారికి వ్యాధి వస్తుందేమోనన్న భయం ఎంత నిజమో చెప్పే పత్రంగా కూడా దానిని చదవాలి.

5. పరిశోధనల లెక్కలు, చదవవలసిన తీరు:

చైనాలోని 34 ఆసుపత్రులలో 1,257 మంది ఆరోగ్య సిబ్బందిపై 2020 ఆరంభంలో జరిగిన సర్వేలో 50.4 శాతం మందిలో కుంగుబాటు, 44.6 శాతం మందిలో ఆందోళన, 34 శాతం మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. నర్సులలో, స్త్రీలలో, నేరుగా రోగులకు సేవచేసేవారిలో తీవ్రత ఎక్కువ. అదే సంవత్సరం 13 అధ్యయనాలను, 33,062 మందిని కలిపి విశ్లేషించిన సోఫియా పాప్పా బృందం ఆందోళన 23.2 శాతమని, కుంగుబాటు 22.8 శాతమని తేల్చింది. ఒక అధ్యయనంలో సగం, మరొకదానిలో నాలుగోవంతు కన్న తక్కువ. ఈ వ్యత్యాసానికి ఒక కారణం కొలమానంలోనే ఉంది. మొదటి సర్వే స్వల్ప లక్షణాలను కూడా లెక్కలోకి తీసుకున్నది. పి.హెచ్.క్యు.-9 వంటి ప్రశ్నావళి వ్యాధిని నిర్ధారించేది కాదు, ఎవరిని మరింత పరీక్షించాలో సూచించేది మాత్రమే. 'సగంమంది నర్సులకు డిప్రెషన్' అనే శీర్షికతో దాన్ని వాడుకోవడం శాస్త్రీయం కాదు. ఈ అంశంపై సిద్ధాంతవ్యాసాలు రాసే పరిశోధకులు మొదట జాగ్రత్తపడవలసింది ఇక్కడే.

రెండవ జాగ్రత్త భాషకు సంబంధించినది. 'గత రెండు వారాలలో మీరు నిరాశగా ఉన్నారా' అనే అనువాద ప్రశ్నకు 'లేదు' అని రాసిన వ్యక్తే, 'ఒంట్లో ఎట్లుంది' అని అడిగితే గుండె దడదడమంటోందని, తల బరువుగా ఉందని, అన్నం సయించడం లేదని చెప్పవచ్చు. మన నుడికారంలో మనోవ్యథ తరచుగా ఒంటి బాధగా బయటపడుతుంది. దిగులు, బెంగ, గుబులు, గాబరా అనే మాటలకు ఒకదానికొకదానికి తేడా ఉంది. బెంగ దూరంగా ఉన్నవారి గురించి, గుబులు రాబోయేదాని గురించి. చిత్తూరు ప్రాంతపు వాడుకలోని 'యాష్ట' అనే మాట, చేసిచేసి విసిగి వేసారిపోయిన స్థితిని చెబుతుంది. క్రిస్టినా మాస్లాక్ వర్ణించిన బర్నౌట్‌లోని మొదటి అంశమైన భావోద్వేగపరమైన అలసటకు ఇంతకంటె దగ్గరి తెలుగు మాట దొరకడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను వ్యాధిగా కాక వృత్తిసంబంధమైన స్థితిగా వర్గీకరించింది. 'యాష్ట' కూడా రోగం పేరు కాదు, పని చేసినందువల్ల వచ్చేది. కుప్పం వంటి చోట ప్రశ్నావళిని ఏ భాషలో ఇవ్వాలన్నది కూడా పరిశోధకుడు ముందుగా తేల్చుకోవలసిన విషయమే.

6. ఏమి చేస్తే మేలు:

చైనాలోని చాంగ్‌షా నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి 2020 ఆరంభంలోనే సిబ్బంది కోసం మానసిక నిపుణుల బృందాన్ని, ఫోను సహాయకేంద్రాన్ని ఏర్పాటు చేసింది. సిబ్బంది వాటిని వినియోగించుకోలేదు. చిరాకు, విశ్రాంతి తీసుకోలేకపోవడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉన్న నర్సులు కూడా తమకే సమస్యా లేదన్నారు. అప్పుడు ఆసుపత్రి వారు 13 మందితో కూర్చొని కారణం అడిగారు. తమకు వ్యాధి సోకుతుందన్నది వారి మొదటి చింత కాదు. ఇంటివారికి సోకుతుందన్న భయం, కిట్ల కొరత, సహకరించని రోగులు - ఇవే వారి చింతలు. మనస్తత్వ నిపుణుడు అక్కరలేదు, అంతరాయం లేని విశ్రాంతి, సరిపడా రక్షణ సామగ్రి కావాలని చాలామంది చెప్పారు. దానితో ఆసుపత్రి విశ్రాంతి గదులను, భోజనాన్ని ఏర్పాటు చేసి, తమ దినచర్యను చిత్రీకరించి ఇంటివారికి పంపుకునే వీలు కల్పించింది. లాన్సెట్ సైకియాట్రీలో వెలువడిన ఈ రెండు పేజీల నివేదిక పెద్ద సర్వేల కన్న ఎక్కువ నేర్పుతుంది.

టొరంటో అనుభవం కూడా అటువంటిదే. 2003 నాటి సార్స్ తరువాత 13 నుంచి 26 నెలల మధ్య ఆ నగర ఆసుపత్రుల సిబ్బందిని రాబర్ట్ మాండర్ బృందం పరిశీలించింది. సార్స్ సోకని హామిల్టన్ నగర సిబ్బందితో పోలిస్తే టొరంటోలో బర్నౌట్, మానసిక వ్యథ అధికం. తమకు తగిన శిక్షణ, రక్షణ, నైతిక మద్దతు లభించాయని భావించినవారిలో మాత్రం ఆ ప్రభావం తక్కువగా ఉంది. ఈ మూడూ వ్యక్తి మనోబలంలోని అంశాలు కావు, సంస్థ సమకూర్చవలసినవి.

దీన్నిబట్టి మూడు పట్టణాల విషయంలో ప్రాధాన్యక్రమం మారుతుంది. ధ్యాన శిబిరం కన్న ముందు రావలసింది మూత్రశాల పక్కనే ఉండే విశ్రాంతి గది. ధైర్యవచనాల కన్న ముందు రావలసింది, రోగిని పెద్దాసుపత్రికి తరలించడంలో జాప్యానికి కారణాన్ని బంధువులకు చెప్పే బాధ్యత నర్సుది కాదని, ఫలానా అధికారిదని స్పష్టం చేసే లిఖిత ఉత్తర్వు. మరణం సంభవించిన షిఫ్టు చివర పది నిమిషాలు నర్సులు కలిసి కూర్చొనే వీలు కల్పించడానికి నిధులు అక్కరలేదు, అప్పగింత సమయాన్ని ఆ మేరకు పొడిగిస్తే చాలు.

నిపుణుల సహాయం అక్కరలేదని దీని అర్థం కాదు. సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. నర్సులు అందుకు మినహాయింపు అనుకోవడానికి ఆధారం లేదు. పైగా తాము పనిచేసే ఆసుపత్రిలోనే మనోవైద్య విభాగం ముందు కూర్చోవడం వారికి మరీ కష్టం. ఈ దృష్ట్యా 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవ (14416) చిన్న పట్టణాల నర్సులకు ఉపయుక్తం. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చినవారికి పగటి ఓ.పి. వేళలతో పనిలేని సహాయం కావాలి కదా.

మిగిలినది లెక్కకు సంబంధించిన చిక్కు. కోవిడ్ కాలంలో రాష్ట్రంలో అనేకమంది నర్సులను తాత్కాలిక ఒప్పందంపై తీసుకున్నారు. అవసరం తీరగానే ఆ ఒప్పందాలు ముగిశాయి. టొరంటో సిబ్బందిలో వ్యథ బయటపడినది ఏడాది, రెండేళ్ల తరువాత. ఒప్పందం ముగిసిన నర్సు పేరు అప్పటికి ఆసుపత్రి హాజరుపట్టీలో ఉండదు. ఆమె బెంగళూరులోని ప్రైవేటు ఆసుపత్రికో, గల్ఫ్ దేశానికో వెళ్లి ఉండవచ్చు, వృత్తినే మానుకొని ఉండవచ్చు. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవారికి మాత్రమే ప్రశ్నావళి ఇచ్చే అధ్యయనంలో, తట్టుకొని నిలిచినవారే ఎక్కువగా కనిపిస్తారు. కనుక ఈ ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేయదలచినవారు ఆసుపత్రి వార్డు నుంచి కాక, జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ కార్యాలయంలోని 2020-21 తాత్కాలిక నియామకాల జాబితా నుంచి మొదలుపెట్టడం యుక్తం.